పొలంలో దొరికిన పిట్టపిల్ల నిజంగా అనాథేనా?

క్లుప్తంగా: కౌజు, పూరేడు, తీతువు, నెమలి నేలమీదే గుడ్లు పెడతాయి. వాటి పిల్ల ఒంటరిగా కనిపించినంత మాత్రాన తల్లి లేనట్టు కాదు. సీమ ఎండలో గూటి దగ్గర మనుషులు గుమిగూడటమే చాలాసార్లు ఆ పిల్లలను అనాథలను చేస్తుంది. ఉన్నచోటే కాపాడటం మొదటి మార్గం, ఎత్తుకెళ్లడం చివరిది. తప్పనిసరై ఎత్తితే ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే మేత. 48 గంటల్లోగా అటవీ అధికారులకు గానీ పోలీసులకు గానీ తెలపాలి.

దుక్కులకూ గుడ్లకూ ఒకటే కాలం

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతంలో వేసవి దుక్కులు దున్నే రోజులూ, నేలగూటి పక్షులు గుడ్లు పెట్టే రోజులూ ఒకదానిమీద ఒకటి పడతాయి. తీతువులు మార్చి నుంచే గుడ్లు పెడతాయి. కౌజులు ఏడాదిలో ఎప్పుడైనా పెట్టగలవు గానీ ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఎక్కువ. ఆ నెలల్లోనే ట్రాక్టర్ దుక్కి, గొర్రుతో శనక్కాయ విత్తనం, గుంటక పని వరసగా జరుగుతాయి. ఆలస్యంగా పొదిగిన పిల్లలు అక్టోబరు, నవంబరుల్లో చెట్టు పీకే వేళకు శనక్కాయ సాళ్లలోనే తిరుగుతుంటాయి.

ఒకప్పుడు ఈ పక్షులకు బీడు భూములు ఉండేవి. బోద గడ్డి, అక్కడక్కడ రేగు కంప, గులకరాళ్ల మిట్ట ఉంటే చాలు, కౌజుకూ తీతువుకూ అంతకన్నా మంచి చోటు లేదు. చూసేవారికి పనికిరాని నేలలా కనిపించే ఆ బీడు ఎన్నోచోట్ల చీనీ తోటగానో, సౌర ఫలకాల క్షేత్రంగానో మారింది. కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు, ఎన్.పి. కుంట దగ్గర మరొకటి అలా వచ్చినవే. బీడు తగ్గేకొద్దీ గూళ్లు సాగు పొలాల్లోకీ, గెనిమల (పొలం గట్ల) మీదికీ జరుగుతాయి. అక్కడ యంత్రాలున్నాయి, ఊరకుక్కలున్నాయి, నున్నటి ప్లాస్టిక్ పరిచిన నీటికుంటలున్నాయి.

నేలగూటి పక్షులను కాపాడుకోవడం ఎంత కష్టమో ఈ నేలకు ముందే తెలుసు. 1848లో వెలుగులోకి వచ్చిన కలివి కోడి అనే నేలగూటి పక్షి 1900 తర్వాత కనిపించక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. రాత్రిపూట పట్టిన ఆ పక్షి బతకలేదు. అటు రోళ్లపాడులో బట్టమేక కోసం 1988లో సుమారు 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అంత అరుదైనవి కాకపోయినా కౌజు, తీతువు, పూరేడు కూడా గడ్డినేలనే నమ్ముకున్న పక్షులే.

తల్లి ఎక్కడికి పోయింది?

కాకి పిల్ల గుడ్డిగా, ఈకలు లేకుండా పుట్టి గూట్లోనే రోజుల తరబడి పెరుగుతుంది. కౌజు పిల్ల అలా కాదు. గుడ్డులోంచి బయటికొచ్చేసరికే కళ్లు తెరిచి ఉంటాయి, ఒంటినిండా నూగు ఉంటుంది. ఒళ్లు ఆరిన కొన్ని గంటల్లో గూడు వదిలి తల్లి వెంట నడుస్తుంది. కాబట్టి గూట్లో కాకుండా సాలులో కనిపించిన పిల్ల ‘గూడు నుంచి పడిపోయిన’ పిల్ల కాదు. అది ఉండాల్సిన చోటే ఉంది.

తల్లి ప్రమాద కూత వేయగానే పిల్లలు ఉన్నచోటే నేలకు కరుచుకుని కదలకుండా పడుకుంటాయి. తీతువు పిల్లయితే పక్కనే అడుగు పడినా కదలదు. దీన్ని జబ్బుగానో నీరసంగానో పొరబడి చేతిలోకి తీసుకోవడమే ఎక్కువగా జరిగే తప్పు. నెత్తిన తీతువు అరుస్తూ తిరుగుతుంటే, కౌజు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పోతుంటే పిల్లలు దగ్గరలోనే ఉన్నాయనీ, తల్లీ ఉందనీ అర్థం.

గుడ్ల విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. కౌజు, పూరేడు రోజుకొకటి చొప్పున గుడ్లు పెడుతూ పోతాయి గానీ, గుడ్లన్నీ పూర్తయ్యేదాకా పొదగడం మొదలుపెట్టవు. అందుకే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. నాలుగు గుడ్లు చల్లగా, కాపలా లేకుండా ఉంటే తల్లి వదిలేసిందనుకోనక్కర్లేదు, ఇంకా పెడుతూ ఉండవచ్చు. పెంకులు పగిలి ఉండి, పక్కన ఒకటి రెండు గుడ్లు మిగిలితే అవి చాలావరకు పిల్ల కట్టనివి. మిగతా పిల్లలతో తల్లి అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

‘మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు’ అన్న మాట ఊళ్లలో బలంగా ఉంది. ఈ పక్షులు పిల్లలను వాసనతో గుర్తుపట్టవు, కూతతో, రూపంతో గుర్తుపడతాయి. పొరపాటున ఎత్తిన పిల్లను అదేరోజు, దొరికిన చోటే వదిలితే తల్లి మళ్లీ కలుపుకునే అవకాశం బాగా ఉంటుంది. గూటి చుట్టూ పదేపదే తిరగడం మాత్రం వేరే కారణంతో చేటు: ఆ అడుగుజాడల వెంట కుక్కలు వస్తాయి.

మధ్యాహ్నపు ఎండ అసలు ప్రమాదం

పొదగడం అనగానే వెచ్చబెట్టడమే అనుకుంటారు. మే నెలలో అనంతపురం పొలంలో జరిగేది దానికి తలకిందులు. గుడ్డు లోపలి పిండానికి కావలసింది 37, 38 డిగ్రీలు. 41, 42 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే పిండం చస్తుంది. మధ్యాహ్నం బయలు నేల పైపొర 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేళ తల్లి గుడ్లమీద కూర్చునేది, లేదా రెక్కలు విడిచి నిలబడేది నీడ ఇవ్వడానికే. తీతువులు మడుగుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను, పిల్లలను చల్లబరచడం కూడా ఇందుకే.

ఫొటో కోసమో, పిల్లలకు చూపించడానికో మిట్టమధ్యాహ్నం గూటి దగ్గర పది నిమిషాలు నిలబడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తల్లి లేచిపోతుంది, మనిషి కనిపిస్తున్నంతసేపు తిరిగి రాదు, గుడ్లు ఉడికిపోతాయి. సాయంత్రానికి అది నిజంగానే దిక్కులేని గూడవుతుంది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకుండానే జరిగే ఈ నష్టం గురించి ఊళ్లలో చెప్పేవారే తక్కువ.

అనుమానం ఉంటే కనీసం 50 మీటర్ల దూరం వెళ్లి, చెట్టు చాటునో బండిలోనో కూర్చుని గంటసేపు చూడాలి. పొద్దున, సాయంత్రం ఇది చాలు. మధ్యాహ్నం పిల్ల నిండు ఎండలో పడి ఉంటే గంట ఆగకూడదు. రెండు మూడు మీటర్లలో ఏ కంప నీడ ఉంటే ఆ నీడలోకి జరిపి, వెంటనే వెనక్కి వచ్చి అప్పుడు చూడాలి.

పొలంలోనే కాపాడటం

దుక్కిలో గుడ్లు కనిపిస్తే వాటిచుట్టూ మూడు నాలుగు మీటర్ల ముక్క దున్నకుండా వదలడం అన్నిటికన్నా నయం. కౌజుకు 18, 19 రోజులు, తీతువుకు 28 నుంచి 30 రోజులు, నెమలికి 28 రోజులు పొదుగు కాలం. అంటే నష్టపోయేది కొన్ని వారాలపాటు ఒక గది వెడల్పు నేల. గుర్తుగా కర్ర పాతాలనుకుంటే గూటికి రెండు మూడు మీటర్ల అవతల పాతాలి. గూటి పక్కనే పాతితే దానిమీద కాకి వాలుతుంది, గుడ్లు చూస్తుంది.

ఆ ముక్క వదలడానికి వీల్లేకపోతే, తీతువు గూడైతే ఇంకో దారి ఉంది. ట్రాక్టర్ వచ్చే ముందు గుడ్లు చేతిలోకి తీసుకుని, ఆ సాలు దాటగానే అదే చోట చిన్న గుంత చేసి, చుట్టూ ఉన్న గులకరాళ్లే పేర్చి తిరిగి పెట్టేయాలి. అయిదు నిమిషాలు మించకూడదు, పొద్దున్నే చేయాలి. గుడ్లను గెనిమ అవతలికో, చెట్టు కిందికో మార్చి ‘భద్రంగా’ పెట్టడం పనిచేయదు. తీతువు గుర్తుపెట్టుకునేది ఆ చోటును. పొదలో గూడు కట్టే కౌజుకు ఈ ఉపాయం దాదాపు పనికిరాదు. పైకప్పులాంటి గడ్డి పోతే అది గూడు వదిలేస్తుంది.

కోతలో ఎటునుంచి మొదలుపెడతారన్నదీ ముఖ్యమే. చుట్టూ అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ పోతే పిల్లలన్నీ మధ్యలో మిగిలిన ముక్కలోకి చేరి చివరి రౌండులో చిక్కుకుంటాయి. నడిమి నుంచి అంచులకు కోస్తే గెనిమ వైపు తప్పించుకుంటాయి. ఐరోపాలో గడ్డిమైదానాల పక్షుల కోసం రైతులు పాటిస్తున్న పద్ధతి ఇది. శనక్కాయ, కొర్ర చేలకూ ఇది పనికిరావచ్చు.

పంటకుంటలు, హంద్రీ-నీవా లాంటి కాంక్రీటు లైనింగ్ కాలువలు ఇంకో ఉచ్చు. తల్లి ఎగిరి దాటుతుంది, వెంట నడిచే పిల్లలు జారి పడతాయి. నున్నటి వాలు ఎక్కలేవు. అక్కడ పిల్లను తీసి, పొడి బట్టతో అద్ది, తల్లి కూత వినిపించే గట్టున పెడితే సరి. కుంట ఒక మూలన పాత గోనెసంచులను కుట్టి, నీళ్లలోకి దిగేలా వేలాడదీస్తే పిల్లలు దానిమీద ఎక్కి వస్తాయి. తొండలకూ ముంగిసలకూ అదే మెట్టు.

ఎత్తక తప్పని సందర్భాలు

తల్లి చచ్చి పక్కనే పడి ఉండటం, కుక్క గానీ పిల్లి గానీ కరిచిన గాయం, కాలు విరగడం, ఒళ్లు చల్లబడి కళ్లు మూతలు పడటం, గంట తర్వాత కూడా తల్లి రాకపోవడం, పిల్ల ఆగకుండా అరుస్తూ తిరగడం. వీటిలో ఏది ఉన్నా ఎత్తాలి. పిల్లి కొరికితే చిన్న గీత కనిపించినా ఆలస్యం చేయకూడదు. దాని లాలాజలంలోని బాక్టీరియా రక్తంలో చేరి ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది, పశువైద్యుడు ఇచ్చే యాంటీబయాటిక్ గంటల్లో పడాలి. లంకమల చుట్టుపక్కల పొడుగు కాళ్ల తెలియని పిల్ల ఏది కనిపించినా, అది కలివి కోడిది కావచ్చు కాబట్టి తాకకుండా, చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పాలి.

తరిమి పట్టకూడదు. తీతువు లాంటి పొడుగు కాళ్ల పక్షులను ఎండలో తరిమితే కండరాలు దెబ్బతిని, పట్టిన రోజు బాగానే కనిపించి, రెండు మూడు రోజులకు కాళ్లు చచ్చుబడిపోతాయి. దీనికి చికిత్స దాదాపు లేదు.

అట్టపెట్టె సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు. పెన్సిల్ పట్టేంత చిల్లులు పక్కలకు పెట్టాలి. పైన దోమతెర గుడ్డ కట్టాలి, కౌజు పిల్ల రెండో రోజుకే ఎగిరి దూకుతుంది. అడుగున వార్తాపత్రిక వేయకూడదు. నున్నటి కాగితం మీద కాళ్లు రెండు పక్కలకూ జారి, రెండు రోజుల్లో తుంటి కీళ్లు అలాగే బిగుసుకుంటాయి. గరుకు గుడ్డ పరవాలి, దారాలు వేలాడేది కాకూడదు, వేళ్లకు చుట్టుకుంటుంది. బండిమీద గాలికి తెరిచి తీసుకెళ్లడం, దారిలో మూత తీసి చూపించడం రెండూ హాని.

వరస తప్పితే బతకదు

చల్లబడిన పిల్లకు ముందుగా మేత పెట్టడం మంచి మనసుతో చేసే అత్యంత ప్రమాదకరమైన పని. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు జీర్ణం ఆగిపోతుంది, మేత లోపలే పులుస్తుంది. ముందు వేడి. చేత్తో తాకితే వెచ్చగా తగిలి, కళ్లు తెరిచి నిలబడ్డాక నీరు. నీరు తాగి రెట్ట వేశాక మేత.

వేడికి ఇళ్లలో ఇప్పుడున్న ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. వెలుతురు ఇస్తుంది గానీ వేడి ఇవ్వదు. పాతకాలపు 40 వాట్ల ఫిలమెంటు బల్బు గానీ, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా గానీ పెట్టెకు ఒక మూల మాత్రమే ఉండాలి. రెండో మూల చల్లగా వదలాలి, పిల్ల తనకు కావలసిన చోటుకు జరుగుతుంది. మొదటి వారం వెచ్చని మూలన, పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు. ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. మే మధ్యాహ్నం గది వేడే 35 దాటితే బల్బు ఆపి నీడ, గాలి చూడాలి. నవంబరు రాత్రి మాత్రం తెల్లవారుజామున బల్బు ఆరిపోతే గుంపు మొత్తం పోతుంది. కరెంటు పోయే ఊళ్లలో వేడినీళ్ల సీసా పక్కన సిద్ధంగా ఉండాలి. బల్బు కిందే గుమిగూడితే చలి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వేడి ఎక్కువ. థర్మామీటరు కన్నా పిల్లల తీరే నమ్మకమైన కొలత.

నోట్లో నీళ్లు పోయకూడదు. గాలిగొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు అంచున ఒక చుక్క అంటిస్తే అదే లాక్కుంటుంది. పది గ్రాముల పిల్లకు ఒక్కోసారి రెండు మూడు చుక్కలు చాలు. తర్వాత అర సెంటీమీటరు లోతు మూతలో గులకరాళ్లు వేసి పెట్టాలి. రాళ్లు లేకపోతే సీసా మూతలో కూడా మునిగి చస్తాయి. పాలు అసలు వద్దు, పక్షులు పాలలోని చక్కెరను అరిగించుకోలేవు.

ఏ పిల్లకు ఏ మేత

మేతకు ముందు అది ఏ పక్షో తెలియాలి. పొట్టి ముక్కు, వీపున గోధుమ చారలు, దిట్టమైన కాళ్లు ఉంటే కౌజు, పూరేడు, నెమలి జాతి. పొడుగు కాళ్లు, ఇసుక రంగు వీపు మీద చుక్కలు, తెల్ల పొట్ట, మెడ వెనక తెల్ల పట్టీ ఉంటే తీతువు. ఒంటిమీద ఈకలు సరిగా లేక, నోరు తెరిచి అడిగేది లార్క్ (నేలగూటి చిన్న పిట్ట) జాతి, దానికి ప్రతి పావుగంటకూ నోట్లో పెట్టాలి. పెద్ద నోరు, చిన్న ముక్కు, ఎండుటాకు రంగు ఒళ్లు ఉన్నది నైట్‌జార్ (రాత్రిపూట తిరిగే పక్షి). అది నేలమీద పొడుచుకుని తినదు, తల్లిదండ్రులు నోటికందిస్తేనే తింటుంది. ఈ తేడా తెలియక నూకలు చల్లి ‘తినడంలేదు’ అనుకుంటూ ఉంటే, పిల్ల ఆకలితోనే పోతుంది.

మొదటి రెండు వారాలు కౌజు పిల్లకూ పురుగులే ప్రధానం, గింజలు కాదు. పుట్టలోని చెదలు అన్నిటికన్నా మేలు: మెత్తగా, చిన్నగా ఉంటాయి, కదులుతాయి. కదలని మేతను చాలా పిల్లలు మేతగానే గుర్తించవు. తీతువైతే మరీ. తల్లి ముక్కుతో నేల పొడిచి చూపే పనిని పెన్సిల్ మొనతో చేయాలి, చెద పక్కన టకటకా కొడితే వచ్చి పొడుస్తుంది. దీనికి తోడు ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడి, సన్నగా తరిగిన తోటకూర. పురుగుల్లో సున్నం తక్కువ కాబట్టి గుడ్డు పెంకును మెత్తగా దంచి చిటికెడు చల్లాలి. అది లేకపోతే, పొద్దున ఎండ తగలకపోతే కాళ్లు వంకరపోతాయి. రోజుకు 15, 20 నిమిషాలు లేత ఎండ, పక్కన నీడ ఉండాలి. మూడో వారం నుంచి కౌజు, పూరేడు పిల్లలకు కొర్ర, రాగి, గడ్డి గింజలు కలపవచ్చు.

పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన ఒకటి రెండు రోజులు ఆసరా ఇస్తుంది. అందుకే తినకపోయినా మొదట హుషారుగానే కనిపిస్తుంది. మోసం అక్కడే. బంగారు షాపుల్లో వాడేలాంటి చిన్న తూనికతో రోజూ ఒకే వేళకు తూచాలి. మూడో రోజు కూడా బరువు తగ్గుతుంటే మేత అందడం లేదు.

మనిషి అలవాటు, నాటుకోడి పెంపకం

గుడ్డులోంచి వచ్చిన మొదటి రోజుల్లో కదిలే దేన్ని చూస్తే దాన్నే తల్లిగా ముద్ర వేసుకుంటుంది. ఒంటరిగా మనిషి చేతిలో పెరిగిన కౌజు పుంజు మనుషుల వెంట పడుతుంది, కుక్కకు భయపడదు, తన జాతి పెట్టను గుర్తించదు. దాన్ని వదిలేయడం చంపడంతో సమానం. అందుకే తోడు పిల్ల ఉండాలి. లేకపోతే అద్దం, దాక్కోవడానికి ఈకల చీపురు పెట్టాలి. మాటలు, ముద్దులు, పేర్లు పెట్టడం మానాలి. మేత తెర చాటునుంచి జారవిడవాలి.

నాటుకోడి కింద పెట్టడం పల్లెల్లో పాత అలవాటు. వేడి సమస్య తీరుతుంది, నిజమే. కానీ కొక్కెర తెగులు, కోళ్లకు పెద్దగా హాని చేయని కొన్ని పేగు పరాన్నజీవులు అడవి పక్షికి అంటుకుంటాయి. నెమళ్లకు వీటిలో కొన్ని ప్రాణాంతకం. ఆ పక్షిని వదిలితే జబ్బు అడవి పక్షుల గుంపులకూ చేరుతుంది. ఫారాల్లో అమ్మే జపాన్ పూరేళ్లతో కలపడం ఇంకా తప్పు, అవి అడవి పూరేడుతో జతకట్టగలవు.

చట్టం, అప్పగింత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. దాని గుడ్లను, గూటిని చెరపడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. ఏ కారణంతో చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనుకో అటవీ అధికారికో తెలపాలి. కౌజును పంజరంలో పెంచుకోవడం అలవాటుగా సాగుతున్నా నేరమే. నెమలి షెడ్యూలు ఒకటిలో ఉంది. పైన చెప్పిన పెంపకం వివరాలు అనుమతితో పనిచేసే సిబ్బందికి, పశువైద్యులకు. ఇంట్లో ఉంచేది అప్పగించేదాకా కొన్ని గంటలే. రేంజ్ ఆఫీసు తెలియకపోతే 112కు ఫోన్ చేయవచ్చు. ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి.

వదిలే ముందు, వదిలిన తర్వాత

పక్షి బలంగా ఎగరాలి, ఈకల మీద నీళ్లు జారిపోవాలి, మనిషిని చూడగానే పొదలో దూరాలి, సొంతంగా పురుగు పట్టాలి. కౌజులకు ఇది ఆరు నుంచి ఎనిమిది వారాలకు వస్తుంది. తీతువు అయిదారు వారాలకు ఎగరడం నేర్చుకున్నా, మరికొన్ని రోజులు ఆగడం మంచిది. చిన్న వయసులోనే అదే ఈడు పిల్లలున్న కౌజు గుంపు దగ్గర విడిస్తే కలుపుకునే అవకాశం ఉంది. తీతువులు మాత్రం పరాయి పిల్లను పొడిచి తరుముతాయి.

పట్టిన చోటికి దగ్గరలోనే, పొదలున్న బీడులో, చిన్న వల గదిని ఐదారు రోజులు నిలబెట్టి, తర్వాత పొద్దున్నే తలుపు తీసి వదిలేయాలి. లోపల వారం పది రోజులు నీళ్లు, కొర్రలు పెడుతూ ఉండాలి. ఒంటరిగా కాక గుంపుగా వదలాలి. వాన పడే రోజు వద్దు. చుట్టుపక్కల విత్తనం పడుతున్న వారమూ వద్దు. ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన విత్తనాలు కొన్ని తిన్నా కౌజు జాతి పక్షులకు విషం. ఆ గింజలు మట్టిలో పూడిపోయాకే, మొలక కనిపించాకే తలుపు తీయాలి.